ఓఆర్ఎస్‌లో గ్లూకోజ్ ఎందుకు? ఒట్టి ఉప్పునీళ్ళు చాలవా?

బైపీసీ_వెనకబెంచి:
విరేచనాల్లో పోయేది నీళ్ళూ లవణాలూ కదా. మరి ఓఆర్ఎస్ ప్యాకెట్ వెనక చూస్తే మామూలు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5 గ్రాములు అని ఉంది. ఉప్పు కన్నా తీపే ఐదింతలు. రుచి కోసమని కొందరు, నీరసం తగ్గడానికని కొందరు అంటున్నారు. పాఠంలో 'సోడియంతో సహ రవాణా' అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. నీరసానికే అయితే ఇంకో నాలుగు చెంచాలు వేస్తే ఇంకా మంచిదే కదా? తెలిసినవాళ్ళు విడమర్చి చెప్పండి.

కణపొర_కథలు:
రుచికీ కాదు, నీరసానికీ కాదు. లీటరు ఓఆర్ఎస్ మొత్తం తాగినా ఆ గ్లూకోజ్ నుంచి వచ్చేది సుమారు 50 కేలరీలు, అంటే ఒక ఇడ్లీ పాటి. గ్లూకోజ్ అక్కడున్నది సోడియాన్ని లోపలికి తీసుకెళ్ళడానికి.

చిన్నపేగు గోడలో ఒక కణాన్ని రెండు గుమ్మాల ఇల్లనుకోండి. వీధి గుమ్మం పేగు లోపలికి, అంటే తిన్నది పారే వైపుకి. పెరటి గుమ్మం రక్తం వైపుకి. పెరటి గుమ్మంలో సోడియం-పొటాషియం పంపు ఉంటుంది. ఒక ఏటీపీ (కణం శక్తి కోసం ఖర్చుపెట్టే అణువు) ఖర్చు పెట్టి మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాక్కుంటుంది. ఈ పని రాత్రింబవళ్ళు ఆగదు కాబట్టి కణం లోపల సోడియం లీటరుకు 10-15 మిల్లీమోల్ (బరువు కాదు, ఎన్ని కణికలున్నాయో చెప్పే కొలత) దగ్గరే ఉంటుంది, బయట రక్తంలో 140. పైగా కణం లోపలి వైపు రుణావేశం. అంటే సోడియానికి ఎప్పుడూ లోపలికి దూరాలనే తహతహ.

వీధి గుమ్మంలో ఎస్‌జీఎల్‌టీ1 అనే వాహక ప్రోటీన్ ఉంటుంది. ముందు రెండు సోడియం అయాన్లు దాన్ని పట్టుకోవాలి. ఆ తర్వాత ఒక గ్లూకోజ్ వచ్చి కూర్చోవాలి. అప్పుడే అది లోపలి వైపు తిరుగుతుంది. గ్లూకోజ్ రాకపోతే సోడియం ఎంత తోసినా లాభం లేదు. లోపలికొచ్చిన గ్లూకోజ్ పెరటి వైపు గ్లూట్2 అనే ఇంకో వాహకం గుండా రక్తంలోకి జారిపోతుంది, సోడియాన్ని పంపు తోసేస్తుంది. ఈ రెండూ ఎటు వెళ్తే నీళ్ళు అటే వెళ్తాయి.

గమనించండి, ఏటీపీ ఖర్చయ్యేది పెరటి గుమ్మం దగ్గర, పని జరిగేది వీధి గుమ్మం దగ్గర. దీన్నే ద్వితీయ సక్రియ రవాణా అంటారు. పరీక్షలో 'ఎస్‌జీఎల్‌టీ1 ఏటీపీని వాడుతుంది' అని రాస్తే మార్కు పోతుంది. అది నేరుగా వాడదు.

తూకంరాయి:
ఏటీపీ మాటొచ్చింది కాబట్టి ఒక్క ముక్క. కండరాల్లోంచి ఆ అణువును వేరుచేసి 1929లో ప్రకటించినవాళ్ళలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి. జర్మనీలో కార్ల్ లోమన్ అదే ఏడాది విడిగా కనుక్కున్నాడు. సరే, విషయానికి రండి.

బైపీసీ_వెనకబెంచి:
అర్థమైంది సార్. కానీ సోడియం లోపలికి రావడానికి ఈ ఒక్క దారేనా? ఒట్టి ఉప్పునీళ్ళు తాగినా ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు ఒంటబడుతుంది కదా.

పేగుమాట:
మంచి ప్రశ్న. మామూలు రోజుల్లో ఇంకో పెద్ద దారి ఉంది. ఎన్‌హెచ్ఈ3 అనే వాహకం ఒక సోడియాన్ని లోపలికి తీసుకుని ఒక హైడ్రోజన్ అయాన్‌ను బయటికి ఇస్తుంది. పక్కనే క్లోరైడ్-బైకార్బనేట్ మార్పిడి జరుగుతుంది. మొత్తం మీద ఉప్పు లోపలికి వస్తుంది, గ్లూకోజ్‌తో పనిలేదు.

కలరాలో తెగేది సరిగ్గా ఈ దారే. కలరా విషం కణంలోకి చేరి జీఎస్ అనే స్విచ్ లాంటి ప్రోటీన్‌ను 'ఆన్' స్థితిలో బిగించేస్తుంది. దాంతో అడినైలేట్ సైక్లేజ్ అనే ఎంజైము ఆగకుండా పనిచేస్తుంది, అది తయారుచేసే సంకేత అణువు సైక్లిక్ ఏఎంపీ పెరిగిపోతుంది. దాంతో రెండు జరుగుతాయి: క్లోరైడ్ బయటికి పోయే సీఎఫ్‌టీఆర్ మార్గం బార్లా తెరుచుకుంటుంది, ఎన్‌హెచ్ఈ3 మూతపడుతుంది. క్లోరైడ్ వెంట సోడియం, వాటి వెంట నీళ్ళు పేగులోకి వచ్చిపడతాయి. కడుగునీళ్ళలాంటి విరేచనం అదే.

ఇంత గొడవలోనూ ఎస్‌జీఎల్‌టీ1 చెక్కుచెదరదు. అందుకే ఒట్టి ఉప్పునీళ్ళు పోస్తే అలాగే కిందికి పోతాయి, గ్లూకోజ్ కలిపితే లోపలికి వెళ్తాయి. ఓఆర్ఎస్ విరేచనాన్ని ఆపదు, ఇది ఇళ్ళలో గట్టిగా చెప్పాల్సిన మాట. 'రెండు గ్లాసులు తాగించాం, మోషన్స్ తగ్గలేదు' అని మానేస్తారు. విరేచనం దాని గడువు దాకా అవుతూనే ఉంటుంది. పోయినదాన్ని పూడ్చడమే దీని పని.

తూకంరాయి:
చరిత్ర రెండు ముక్కల్లో: కలరా క్రిములు విడుదల చేసే విషమే నీటిని పేగులోకి లాగుతుందని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే చూపించారు. సోడియం-గ్లూకోజ్ జంట రవాణా ఊహను రాబర్ట్ క్రేన్ 1960లో ప్రాగ్‌లో ప్రతిపాదించాడు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు నిండుకుంటే దిలీప్ మహలనబిస్ బృందం లీటరు నీటికి గ్లూకోజ్ 22 గ్రాములు, ఉప్పు 3.5, వంటసోడా 2.5 కలిపి డ్రమ్ముల నుంచి తాగించింది. 30 శాతం దాకా ఉన్న మరణాలు 3.6 శాతానికి దిగాయి. ఆయనకు 2023లో మరణానంతరం పద్మవిభూషణ్ ఇచ్చారు.

బైపీసీ_వెనకబెంచి:
మరి నా రెండో ప్రశ్న? 22 గ్రాముల నుంచి 13.5కి ఎందుకు తగ్గించారు? ఎక్కువ గ్లూకోజ్ అంటే ఎక్కువ సోడియం లోపలికి రావాలి కదా.

తూకంరాయి:
లెక్క వేసి చూద్దాం. ఇప్పుడున్న ప్యాకెట్ 20.5 గ్రాములు, లీటరుకు.

ఉప్పు 2.6 గ్రాములు: సోడియం సుమారు 45 మిల్లీమోల్, క్లోరైడ్ 45.
ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు: సిట్రేట్ 10, ఒక్కోదానికి మూడు చొప్పున సోడియం 30.
పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు: పొటాషియం 20, క్లోరైడ్ 20.
గ్లూకోజ్ 13.5 గ్రాములు: 75.

మొత్తం సోడియం 75, పొటాషియం 20, క్లోరైడ్ 65, సిట్రేట్ 10, గ్లూకోజ్ 75. కూడితే 245 మిల్లీఆస్మోల్ (కరిగిన కణికలన్నీ కలిపిన లెక్క, ఎంత ఎక్కువైతే నీటిని అంతగా లాగుతుంది). రక్తం 290 దగ్గర ఉంటుంది. అంటే ఈ ద్రావణం రక్తం కన్నా పలచన, నీళ్ళు పేగు నుంచి రక్తం వైపే నడుస్తాయి. పాత ప్యాకెట్‌లో సోడియం 90, గ్లూకోజ్ 111, మొత్తం 311. 2002లో డబ్ల్యూహెచ్ఓ, యూనిసెఫ్ మార్చాయి. పిల్లల మీద చేసిన పరీక్షల్లో కొత్తదానితో సెలైన్ ఎక్కించాల్సిన అవసరం సుమారు మూడో వంతు తగ్గింది, వాంతులూ తగ్గాయి.

వంటసోడా స్థానంలో సిట్రేట్ అంతకుముందే, 1980ల్లో వచ్చింది. తేమ తగిలితే సోడా ప్యాకెట్ గడ్డకట్టి గోధుమరంగుకి తిరిగేది.

వాహకాలకూ ఒక హద్దుంటుంది. అన్నీ నిండిపోయాక పైన వేసిన గ్లూకోజ్ పేగులోనే మిగిలిపోయి నీటిని తన వైపు లాక్కుంటుంది. మీరు చెప్పిన 'ఇంకో నాలుగు చెంచాలు' చేసేది అదే, విరేచనం పెంచడం.

బైపీసీ_వెనకబెంచి:
ఒక గ్లూకోజ్‌కి రెండు సోడియం అన్నారు. ప్యాకెట్‌లో ఒకటికి ఒకటే ఉంది?

కణపొర_కథలు:
మిగతా సోడియం పేగులోనే ఉంది. లాలాజలం, జఠరరసం, క్లోమరసం, పైత్యరసం, పేగు స్రావం అన్నీ కలిపి రోజుకు 7 లీటర్ల దాకా పేగులోకి వస్తాయి, వాటిలో సోడియం పుష్కలం. అందుకే గ్లూకోజ్ అసలే లేకపోవడమే చేటు, సోడియం కాస్త తగ్గినా నడుస్తుంది.

పిలకసందేహం:
ఎక్కడో చదివాను, ఎస్‌జీఎల్‌టీ1 ఒకసారి తిరిగితే 200కు పైగా నీటి అణువులు దాంతోపాటే లోపలికి దూకుతాయట. మీరేమో నీళ్ళు వెనక నడుస్తాయంటున్నారు.

కణపొర_కథలు:
ఆ వాదన ఉంది, 260 అని అంకె కూడా చెప్తారు. ఆ వాహకం గుండా నీళ్ళు పోతాయన్నదాంట్లో గొడవ లేదు. గ్లూకోజ్‌తో కట్టేసినట్టు పోతాయా, లేక పక్కనే పెరిగిన గాఢత వల్ల ద్రవాభిసరణతో (నీళ్ళు పలచన వైపు నుంచి చిక్కన వైపుకి నడవడం) పోతాయా అన్నది పరిశోధకులు ఇంకా తేల్చుకోలేదు. నా ఓటు రెండోదానికి. మంచం పక్కన గ్లాసు పట్టుకున్నవాళ్ళకు మాత్రం తేడా లేదు.

సబ్‌సెంటర్_సిస్టర్:
లెక్కలు మంచిగ చెప్పిన్రు. ఇండ్లల్ల తప్పు ఎక్కడ జరుగుతదో నేను చెప్త.

ఒకటి, లీటరు ప్యాకెట్ తెచ్చి ఒక గ్లాసు నీళ్ళల్ల మొత్తం పోస్తరు. రెండు, ప్యాకెట్ సగం వాడి మిగిలింది మడతపెట్టి దాస్తరు, సగమెంతో ఎవరికి తెలుసు? ఉప్పు, గ్లూకోజ్ అంతట సమానంగ ఉన్నయో లేదో కూడ తెల్వదు. మూడు, కలిపినంక రుచి లేదని చక్కెర వేస్తరు, లేకుంటే పాలల్ల, జ్యూస్‌ల కలుపుతరు. నాలుగు, కలిపినంక మళ్ల కాగబెడ్తరు.

చెయ్యాల్సింది: నీళ్ళు ముందే మరగబెట్టి చల్లార్చాలె. లీటరు కొలిచి ప్యాకెట్ మొత్తం ఒక్కసారే పొయ్యాలె. ఇంట్ల కొలత లేకుంటే లీటరు వాటర్ బాటిల్ కొలత సరిపోతది. చిన్న ప్యాకెట్ అయితే 200 ఎంఎల్ అని దాని మీదనే రాసుంటది, చదవాలె. మూతపెట్టి 24 గంటలల్ల వాడాలె, మిగిలితే పారబొయ్యాలె.

రెండేండ్ల లోపు పిల్లలకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 ఎంఎల్, రెండు నుంచి పదేండ్ల వాళ్ళకు 100 నుంచి 200. చెంచాతోని, నిమిషానికో రెండు నిమిషాలకో ఒక చెంచా. సీసాల పోసి గటగట తాగిస్తే కక్కుతరు. కక్కితే పది నిమిషాలాగి ఇంకా మెల్లగ మొదలుపెట్టాలె. తల్లిపాలు ఆపొద్దు. జింక్ గోలీ ఆర్నెల్ల లోపు 10 మిల్లీగ్రాములు, పైబడితే 20, రోజూ ఒకటి, 14 రోజులు. విరేచనాలు ఆగినా కోర్సు పూర్తి చెయ్యాలె.

తూకంరాయి:
సిస్టర్ గారి మొదటి తప్పుకి లెక్క: లీటరు ప్యాకెట్ 200 ఎంఎల్‌లో కలిపితే సోడియం 75 కాదు, 375 అవుతుంది. మొత్తం 1,225 మిల్లీఆస్మోల్. పసిపిల్లకు రక్తంలో సోడియం పెరిగి ఫిట్స్ రావడానికి అది చాలు. అదే రెండు లీటర్లలో కలిపితే సోడియం 37కి పడిపోతుంది, పేరుకే ఓఆర్ఎస్. నీళ్ళెక్కువైతే మంచిదేలే అనుకోకండి.

గంజికేంద్రం:
ప్యాకెట్ దొరకని చోట? మన ఇళ్ళలో గంజి, మజ్జిగ, కొబ్బరినీళ్ళు, చక్కెర-ఉప్పు నీళ్ళు ఉన్నాయి. వీటిలో ఏది నిలబడుతుంది?

పేగుమాట:
ఒక్కొక్కటిగా.

చక్కెర-ఉప్పు నీళ్ళు: లీటరుకు ఆరు తలకొట్టిన టీస్పూన్ల చక్కెర, అర తలకొట్టిన టీస్పూను ఉప్పు. సోడియం 50 దగ్గర, చక్కెర 73 మిల్లీమోల్ దగ్గర వస్తాయి. పేగు గోడ మీది సుక్రేజ్ అనే ఎంజైము ఆ చక్కెరను గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడగొడుతుంది. ఫ్రక్టోజ్ దారి వేరు, గ్లూట్5 అనే వాహకం గుండా పోతుంది, సోడియంతో దానికి సంబంధం లేదు. పొటాషియం ఉండదు. 'చిటికెడు ఉప్పు, పిడికెడు చక్కెర' మాత్రం వద్దు, చెయ్యిని బట్టి చిటికెడు రెండింతలవుతుంది. కలిపాక కన్నీళ్ళ కన్నా ఉప్పగా ఉంటే పారబోయండి.

కొబ్బరినీళ్ళు: పొటాషియం దండి, సోడియం చాలదు. పక్కన తాగడానికి సరే, ఓఆర్ఎస్‌కు బదులు కాదు.

ఉప్పు వేసిన మజ్జిగ: బాగానే పనిచేస్తుంది, తేలికపాటి విరేచనాలకు.

గంజి: మన పెద్దవాళ్ళు శాస్త్రానికి ముందే పట్టుకున్నది ఇదే. పిండిపదార్థం అంటే వందల, వేల గ్లూకోజ్‌ల గొలుసు. ద్రవాభిసరణ లెక్కలో గొలుసు ఎంత పొడవైనా ఒక్క కణికే. పేగు గోడ దగ్గర ఎంజైములు దాన్ని కొంచెం కొంచెం తెంపుతుంటే పుట్టిన గ్లూకోజ్ పుట్టినట్టే ఎస్‌జీఎల్‌టీ1 ఎత్తుకుపోతుంది. అంటే నీటిని వెనక్కి లాగే భారం లేకుండా బోలెడు గ్లూకోజ్ చేతికొస్తుంది. లీటరుకు 50 గ్రాముల బియ్యప్పిండి ఉడికించి లవణాలు కలిపిన ఓఆర్ఎస్‌తో కలరా రోగుల్లో విరేచనం పరిమాణం తగ్గింది.

రెండు షరతులు. వార్చిన గంజిలో ఉప్పు దాదాపు సున్నా, లీటరుకు ఆ అర టీస్పూను ఉప్పు వేయాల్సిందే. ఇంకోటి, ఆర్నెల్ల లోపు పిల్లల క్లోమంలో పిండిని అరిగించే అమైలేజ్ ఎంజైము సరిగా తయారవదు, వాళ్ళకు గంజి కాదు, తల్లిపాలూ ఓఆర్ఎస్సే.

కణపొర_కథలు:
గంజి వెనక ఇంకో పొర ఉంది. చిన్నపేగులో అరగకుండా మిగిలిన పిండి పెద్దపేగుకు చేరితే అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి చిన్న గొలుసు కొవ్వు ఆమ్లాలు చేస్తుంది. అవి పెద్దపేగులో సోడియాన్ని, దాంతోపాటు నీటిని లోపలికి తీసుకుంటాయి. వెల్లూరు సీఎంసీ వైద్యులు లీటరుకు 50 గ్రాముల అమైలోజ్ (తేలిగ్గా అరగని రకం పిండిపదార్థం) ఎక్కువున్న మొక్కజొన్న పిండి కలిపి కలరా రోగులకు ఇచ్చి 2000లో ఫలితాలు ప్రకటించారు, విరేచనం పరిమాణం తగ్గింది. పచ్చి అరటికాయ కూర పథ్యం వెనక ఉన్నదీ ఇదే.

పిలకసందేహం:
డబ్బాలో వచ్చే పళ్ళ రుచి డ్రింకులు? మెడికల్ షాపులోనే అమ్మేవారు కదా.

తూకంరాయి:
షాపు మెడికల్‌దైనంత మాత్రాన డబ్బాలోది మందు కాదు. డబ్ల్యూహెచ్ఓ పాళ్ళలో లేని పానీయాల పేరులో 'ఓఆర్ఎస్' అనే మాట వాడకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది. హైదరాబాదు పిల్లల వైద్యురాలు ఒకరు ఏళ్ళ తరబడి వెంటపడితే వచ్చిన ఆదేశం అది. కొనేటప్పుడు పేరు చూడొద్దు, లీటరుకు సోడియం 75, గ్లూకోజ్ 75 ఉందో లేదో చూడండి. మామూలు కోలాలో లీటరుకు 100 గ్రాములకు పైగా చక్కెర, సోడియం నామమాత్రం. విరేచనాల పిల్లకు అది పోయడమంటే పేగులోకి నీళ్ళు తోడడమే.

పాడి_పంట:
దూడల పారుడులోనూ ఇదే సూత్రం, కాకపోతే ఒక తిరకాసు ఉంది. పాలు తాగే దూడకు ఓఆర్ఎస్ పనిచేస్తుంది, ఎందుకంటే చప్పరించినప్పుడు అన్నవాహిక గాడి మూసుకుని ద్రవం మొదటి పొట్టను దాటి నేరుగా లోపలికి పోతుంది. ఎదిగిన ఆవుకు నోట్లో గ్లూకోజ్ పోస్తే మొదటి పొట్టలోని సూక్ష్మజీవులే తినేస్తాయి, పేగుదాకా రాదు. గొర్రెల్లో కొలిచి చూశారు: పాలు మాని గడ్డికి మారాక పేగులో ఎస్‌జీఎల్‌టీ1 వందల రెట్లు పడిపోతుంది. మళ్ళీ పేగులోకి నేరుగా చక్కెర ఎక్కిస్తే తిరిగి పెరుగుతుంది. గిరాకీ లేని చోట కణం సరుకు తయారు చేయదు.

ఇంకోటి, దూడకు ఓఆర్ఎస్‌ను పాలలో కలిపి పోయకండి. పాలు సరిగా పేరుకోవు. పాలకూ దానికీ రెండు గంటల ఎడం ఇవ్వండి.

మధుమేహం_మాట:
షుగర్ ఉన్న పెద్దవాళ్ళు ఓఆర్ఎస్ తాగొచ్చా? చాలామంది భయపడి ఒట్టి నీళ్ళే తాగుతున్నారు.

పేగుమాట:
తాగొచ్చు, తాగాలి కూడా. లీటరులో 13.5 గ్రాముల గ్లూకోజ్ అంటే మూడు చెంచాల చక్కెరపాటి. నీరు ఎండిపోతే రక్తంలో షుగర్ దానికన్నా ఎక్కువ ఎగబాకుతుంది. షుగర్ చూసుకుంటూ తాగమనండి. గుండె, మూత్రపిండాల జబ్బుంటే ఎంత తాగాలో డాక్టర్‌నే అడగాలి, అందులో పొటాషియం ఉంది.

అసలు జాగ్రత్త మాత్రల దగ్గర. మూత్రపిండంలో ఎస్‌జీఎల్‌టీ2 అనే దాయాది ఉంది. రోజుకు వడపోతలోకి వచ్చే సుమారు 180 గ్రాముల గ్లూకోజ్‌లో 90 శాతం దాకా అదే వెనక్కి లాగుతుంది, ఒక సోడియానికి ఒక గ్లూకోజ్ చొప్పున. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు (గ్లిఫ్లోజిన్లు) దాన్ని మూసేస్తాయి. గ్లూకోజ్, దాంతోపాటు నీళ్ళూ మూత్రంలో పోతాయి. మామూలు రోజున అది మేలే. వాంతులు విరేచనాలతో తిండి లేని రోజున మాత్రం రెండువైపులా నీళ్ళు పోతాయి, షుగర్ 200 లోపున్నా కీటోన్లు (కొవ్వు కరిగితే రక్తంలో చేరే ఆమ్లాలు) పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే ఆ రోజుల్లో ఈ మాత్రలూ మెట్‌ఫార్మినూ ఆపి వెంటనే డాక్టర్‌తో మాట్లాడాలి. ఇన్సులిన్ మాత్రం సొంతంగా ఆపకూడదు.

సబ్‌సెంటర్_సిస్టర్:
బాగా బక్కచిక్కిన పిల్లల సంగతి కూడా రాయిండ్రి సార్. అందరికి ఒకటే లెక్క అనుకుంటున్నరు.

పేగుమాట:
అవును సిస్టర్. తీవ్ర పోషకలోపంలో శరీరం ఖర్చు తగ్గించుకోవడానికి ఆ పెరటి పంపునే నెమ్మది చేస్తుంది. దాంతో కణంలోపల సోడియం పేరుకుంటుంది, పొటాషియం కారిపోతుంది. రక్తపరీక్షలో సోడియం తక్కువ కనిపించినా ఒంట్లో మొత్తం ఎక్కువే ఉంటుంది. ఇలాంటి పిల్లకు మామూలు వేగంతో ఓఆర్ఎస్ ఇస్తే గుండె తట్టుకోలేదు. వాళ్ళకోసం రీసోమాల్ అని వేరే ద్రావణం ఉంది: సోడియం 45, పొటాషియం 40. మొదటి రెండు గంటలు అరగంటకోసారి కిలోకు 5 ఎంఎల్. ఊపిరి, నాడి వేగం పెరుగుతుంటే ఆపేయాలి. ఇది ఆసుపత్రిలో చేయాల్సిన పని, ఇంట్లో కాదు.

మత్తుగా పడి ఉండటం, తాగలేకపోవడం, పొట్ట మీద చర్మం లాగి వదిలితే మెల్లగా వెనక్కి వెళ్ళడం, మలంలో రక్తం, మూత్రం రాకపోవడం, ఏ పిల్లలో కనిపించినా అంతే, బయల్దేరాలి. దారిలో చెంచాతో ఇస్తూ వెళ్ళండి.

పిలకసందేహం:
ఓఆర్ఎస్ ఇస్తే విరేచనం పెరిగే సందర్భం ఉంటుందా?

కణపొర_కథలు:
ఉంటుంది, అరుదు. పుట్టుకతోనే ఎస్‌జీఎల్‌టీ1 జన్యువు చెడితే గ్లూకోజ్-గాలక్టోజ్ శోషణ లోపం వస్తుంది. మొదటి పాలు తాగిన రోజుల్లోనే నీళ్ళ విరేచనాలు మొదలవుతాయి, పాలు ఆపితే ఆగుతాయి. పాలలోని లాక్టోజ్ విడిపోతే వచ్చేవి గ్లూకోజ్, గాలక్టోజ్, రెండూ ఆ గుమ్మానివే. ఓఆర్ఎస్ ఇస్తే ఇంకా ఎక్కువవుతుంది. సెలైన్‌తో నిలబెట్టి, ఫ్రక్టోజ్ ఆధారంగా చేసిన పాలపొడి ఇస్తే బిడ్డ మామూలుగా పెరుగుతుంది, ఎందుకంటే గ్లూట్5 గుమ్మం బాగానే ఉంది.

రోటావైరస్‌లో పేగు చూషకాల (లోపలి గోడ మీద వేళ్ళలా ఉండే సన్నని మొలకల) కొనలు దెబ్బతిని కొన్నాళ్ళు ఇలాంటి లోపమే రావచ్చు. ఓఆర్ఎస్ మొదలుపెట్టగానే విరేచనం బాగా పెరిగి, మలంలో చక్కెర పరీక్ష పాజిటివ్ వస్తే అనుమానించాలి. ఎక్కువ మందిలో మాత్రం మిగిలిన చూషకాలే పని నెట్టుకొస్తాయి.

బైపీసీ_వెనకబెంచి:
చివరిగా ఒకటి. ఒక ప్రశ్నపత్రంలో చూశాను: ఎలుక పేగు ముక్కకు ఫ్లోరిజిన్ ఒకసారి, ఒవాబైన్ ఒకసారి, రెండు వైపులా విడివిడిగా తగిలిస్తే గ్లూకోజ్ శోషణ ఏమవుతుంది?

కణపొర_కథలు:
ఫ్లోరిజిన్ ఆపిల్ చెట్టు బెరడు నుంచి వచ్చింది, గ్లిఫ్లోజిన్లకు తాత. అది ఎస్‌జీఎల్‌టీ1లో గ్లూకోజ్ కూర్చునే చోట అడ్డుపడుతుంది. పేగు లోపలి వైపు తగిలిస్తే శోషణ వెంటనే ఆగుతుంది, పంపు మాత్రం ఆడుతూనే ఉంటుంది.

ఒవాబైన్ పంపును ఆపుతుంది. రక్తం వైపు తగిలిస్తే శోషణ వెంటనే ఆగదు, కణంలో సోడియం నెమ్మదిగా పేరుకుని తేడా తగ్గేకొద్దీ కుంటుతూ ఆగుతుంది. అదే ఒవాబైన్‌ను పేగు లోపలి వైపు పోస్తే? అక్కడ పంపే లేదు కదా. ఏమీ కాదు. ఆ ప్రశ్నలో ఉచ్చు అక్కడే పెట్టారు.